తప్పూ మాదే, తీర్పూ మాదే

కెనడాలో ఇంజనీర్లను ప్రభుత్వం అదుపులో పెట్టదు. ఆ పని ఇంజనీర్లే చేసుకుంటారు. లైసెన్సు ఇచ్చేది వాళ్లే, పరీక్ష పెట్టేది వాళ్లే, నియమావళి రాసేది వాళ్లే, దాన్ని మీరినవాడిని నిలబెట్టి విచారించేది వాళ్లే, జరిమానా వేసి రశీదు చించి ఇచ్చేదీ వాళ్లే. చట్టసభ ఒక చట్టం చేసి, తాళంచెవుల గుత్తి వాళ్ల చేతిలో పెట్టి, ప్రజల క్షేమం మీ పూచీ అని చెప్పి పక్కకు తప్పుకుంది. దీనినే స్వీయ నియంత్రణ అంటారు. గిట్టనివాళ్లు వెంటనే 'దొంగ చేతికి తాళాలు' అనే సామెత ఎత్తుకుంటారు. అది చాలా అన్యాయం. దొంగ తన మీద తానే కేసు పెట్టుకుని, తానే వాదించి, తానే తీర్పు చెప్పి, ఆ తీర్పును తన ఖర్చుతో అచ్చు వేయించుకున్న ఉదంతం మన సామెతల్లో ఎక్కడా లేదు.

అక్కడ ఒక్కో ప్రావిన్సుకు ఒక్కో చట్టం, ఒక్కో సంఘం. బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా సంఘాలు 1920లో పుట్టాయి. ఒంటారియోది 1922లో. భూమి లోపలి సంగతులు చెప్పే జియోసైంటిస్టులు బ్రిటిష్ కొలంబియాలో 1990లో ఇంజనీర్ల గొడుగు కిందికే వచ్చి చేరారు. దేశం మొత్తం మీద మూడు లక్షలకు పైగా ఇంజనీర్లు ఇలా తమను తాము కట్టడి చేసుకుంటూ బతుకుతున్నారు. మన దేశంలో వకీళ్లకు 1961 నాటి చట్టం ఉంది, ఆర్కిటెక్టులకు 1972 నాటిది ఉంది, డాక్టర్లకు కమిషన్ ఉంది. ఇంజనీరుకు మాత్రం ఏ బాదరబందీ లేదు. బీటెక్ పట్టా చేతికి రాగానే ఇంజనీరు. నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయినా ఊళ్లో ఇంజనీరే. కనుక కెనడాను చూసి నవ్వే హక్కు మనకు పెద్దగా లేదు. ఆ హక్కు లేకుండానే ముందుకు సాగుతాను.

ఈ సంఘాల వార్షిక నివేదికల్లో రెండు మాటలు మంత్రపుష్పంలా వినిపిస్తాయి. ఒకటి నాయకత్వం, రెండోది సహకారం. అధ్యక్షుడి సందేశంలో ఉంటాయి, పురస్కారాల విందులో ఉంటాయి, కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థి వాగ్దానంలోనూ ఉంటాయి. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని ఇంతవరకు ఎవరూ శాస్త్రీయంగా పరిశీలించినట్టు లేదు. వందేళ్ల చరిత్రను తిరగేసి నేను ఒక సూత్రం కనిపెట్టాను. సహకారం ప్రమాదానికి ముందు జరుగుతుంది. నాయకత్వం ప్రమాదం తర్వాత మొదలవుతుంది. ఈ వరుస తప్పిన సందర్భం నాకు కనబడలేదు. సోదాహరణంగా వివరిస్తాను.

సంఘాలు ఇంకా పుట్టని రోజుల నుంచి మొదలుపెడదాం. క్యూబెక్ నగరం దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద ఉక్కు వంతెన కడుతున్నారు. సలహాదారు థియోడర్ కూపర్, న్యూయార్కులో ఉండే మహా పేరున్న ఇంజనీరు. వంతెన మధ్య భాగం పొడవు మొదట 1,600 అడుగులు అనుకున్నారు, తర్వాత ఆయనే 1,800కు పెంచారు. పెరిగిన వంతెన సొంత బరువు ఎంతో మళ్లీ లెక్క కట్టాలని ఎవరికీ తోచలేదు. నక్షాలను ఇంకో ఇంజనీరు చేత చూపిద్దామని కెనడా ప్రభుత్వం అంటే, అలా చేస్తే తాను ఒకరి కింది ఉద్యోగినైపోతానని కూపర్ అభ్యంతరం చెప్పారు. అంతటి పెద్దమనిషి మనసు నొప్పించడం ఎందుకని ప్రభుత్వం ఊరుకుంది. నాయకుడి గౌరవం నిలిచింది, సర్కారు సహకారమూ అందింది. ఉక్కు ఎక్కించడం మొదలైన తర్వాత ఆయన ఆ నదీతీరానికి ఒక్కసారి కూడా రాలేదు. ఆరోగ్యం బాగోలేదు. తన తరఫున చూసుకోవడానికి నార్మన్ మెక్లూర్ అనే కుర్ర ఇంజనీరును పెట్టారు.

1907 ఆగస్టులో వంతెన కింది వరుసలోని పెద్ద ఉక్కు దూలాలు వంగడం మొదలుపెట్టాయి. ఒక దూలం ముప్పాతిక అంగుళం వంగి ఉండేది, కొద్ది రోజుల్లోనే ఆ వంపు రెండుంపావు అంగుళాలైంది. ఇక్కడ వృత్తిపరమైన సహకారం ఎంత ఉన్నత స్థాయిలో జరిగిందో గమనించాలి. ఆ దూలం పని చేసే చోట వంగలేదని, కార్ఖానాలోంచి వచ్చినప్పుడే అలా ఉందని ఉక్కు కంపెనీ వాదించింది. మెక్లూర్ కాదన్నాడు. ఉత్తరాలు నడిచాయి. ఉత్తరాలతో పాటు పనీ నడిచింది. చివరికి మెక్లూర్ రైలెక్కి న్యూయార్కు వెళ్లి, ఆగస్టు 29న కూపర్‌ను స్వయంగా కలిశాడు. కూపర్‌కు విషయం వెంటనే అర్థమైంది. వంతెన మీద ఇక బరువు పెట్టవద్దని తంతి కొట్టారు. కొట్టింది క్యూబెక్‌కు కాదు, పెన్సిల్వేనియాలోని కంపెనీ ఆఫీసుకు. ఆ మధ్యాహ్నం అక్కడి పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, రేపు పొద్దున నిర్ణయిద్దాం అనుకున్నారు. సాయంత్రం అయిదున్నర దాటాక, పని ముగించే వేళకు వంతెన నదిలో పడిపోయింది. 75 మంది చనిపోయారు. వారిలో ముప్పై మందికి పైగా కానవాగా గ్రామానికి చెందిన మోహాక్ తెగ ఉక్కు పనివాళ్లు.

విచారణ సంఘం వేశారు. ముగ్గురు సభ్యులు, ముగ్గురూ ఇంజనీర్లే. ఇక్కడ వెక్కిరించాలని కలం కదిలింది గాని, వాళ్లు నిజాయతీగా పని చేశారు, కూపర్ పేరు పెట్టి మరీ తప్పు పట్టారు. కాబట్టి కలాన్ని వెనక్కి లాగుతున్నాను. తర్వాత వంతెనను మళ్లీ కట్టారు. 1916లో మధ్య భాగాన్ని పైకెత్తుతుండగా అది జారి నదిలో పడింది, ఇంకో 13 మంది పోయారు. 1917లో ఎట్టకేలకు పూర్తయింది. ఇవాళ్టికీ రైళ్లు దాని మీద నడుస్తున్నాయి. అది మొదటిసారి కూలిన పదమూడేళ్లకు అల్బర్టాలోనూ బ్రిటిష్ కొలంబియాలోనూ ఇంజనీర్ల చట్టాలు వచ్చాయి. నాయకత్వం అన్నాక కాస్త ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి కదా.

ఆ వంతెన నుంచి ఒక గొప్ప కథ కూడా పుట్టింది. కెనడాలో ఇంజనీరింగు చదువు ముగించినవాళ్లు ఒక ఇనుప ఉంగరం పెట్టుకుంటారు. పని చేసే చేతి చిటికెన వేలికి. మెరుపూ ఉండదు, రాయీ ఉండదు. చుట్టూ సుత్తితో కొట్టినట్టు పలకలు పలకలుగా ఉంటుంది. రాస్తున్నప్పుడు, గీస్తున్నప్పుడు ఆ పలకల అంచు కాగితానికి రాసుకుంటూ ఉంటుంది, నీ మీద బాధ్యత ఉంది సుమా అని గుర్తు చేయడానికి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అంచులు అరిగి నున్నబడతాయి. సీనియారిటీ వచ్చిందనడానికి అది గుర్తు అని అభిమానులు అంటారు. గుర్తు చేయడం మానేసిందని నాబోటి వాళ్లం అంటాం. 1925లో మొదలైన ఆ ప్రమాణ కార్యక్రమానికి పాఠం రాసింది రుడ్యార్డ్ కిప్లింగ్. మొదటి ఉంగరాలను కూలిన వంతెన ఇనుముతోనే చేశారని ప్రతి కొత్త ఇంజనీరుకూ ఎవరో ఒకరు చెబుతారు. అది నిజం కాదు. ఆధారం లేని మాటను పరీక్షించకుండా తరతరాలుగా ఒకరికొకరు అప్పగించుకునే వృత్తి ఇంజనీరింగే కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

జియోసైంటిస్టుల సంగతికి వస్తే, వాళ్ల నాయకత్వానికి బంగారు పునాది ఉంది. 1990ల్లో కాల్గరీకి చెందిన బ్రె-ఎక్స్ అనే కంపెనీ ఇండోనేషియా అడవుల్లో ప్రపంచంలోనే పెద్ద బంగారు నిక్షేపం దొరికిందని ప్రకటించింది. షేర్ల విలువ ఆరు వందల కోట్ల డాలర్లు దాటింది. 1997లో తేలిందేమిటంటే, రాతి నమూనాల్లో బంగారం ఉన్న మాట వాస్తవమే, కాకపోతే అది భూమి పెట్టింది కాదు, మనుషులు చల్లింది. భూమికీ మనిషికీ మధ్య అంతటి సన్నిహిత సహకారం గనుల చరిత్రలో ముందెన్నడూ జరగలేదు. ఆ తర్వాతే, 2000లో ఒంటారియో జియోసైంటిస్టులకు ఒక చట్టం చేసింది. 2001లో గనుల కంపెనీల లెక్కల మీద అర్హత గల నిపుణుడు సంతకం పెట్టాలనే నియమం వచ్చింది. అంతకు ముందు ఎవరు పెట్టేవారని అడగకండి.

ఒంటారియోలోనే ఎలియట్ లేక్ అనే చిన్న ఊరు ఉంది. యురేనియం గనులు ఉన్నంత కాలం వెలిగిన ఊరు. 1980లో అక్కడ ఆల్గో మాల్ కట్టారు. కార్లు నిలిపే స్థలం డాబా మీద పెట్టారు. ఆ డాబా మొదటి నుంచీ కారుతూనే ఉంది. చలికాలంలో కార్ల చక్రాలకు అంటుకున్న మంచూ ఉప్పూ కరిగి లోపలికి దిగేవి. దుకాణాల్లో బకెట్లు పెట్టేవారు, పైన టార్పాలిన్లు కట్టేవారు, ఊళ్లో వాళ్లు దాన్ని ఆల్గో జలపాతం అని పిలుచుకునేవారు. మూడు దశాబ్దాల్లో ఎందరో ఇంజనీర్లు వచ్చి చూసి నివేదికలు ఇచ్చి వెళ్లారు. ఆఖరిగా చూసిన ఇంజనీరు 2012 ఏప్రిల్‌లో తనిఖీ చేసి ఢోకా లేదన్నారు. యజమాని కోరిక మీద నివేదికను కొంచెం సవరించి ఇచ్చారు కూడా. సహకారం అంటే అదీ. అప్పటికే ఆయన లైసెన్సు ఇంకో వ్యవహారంలో పోయి ఉంది. జూన్ 23న డాబా కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు.

2014 అక్టోబరులో విచారణ కమిషన్ నివేదిక వచ్చింది. తుప్పు పట్టింది ఇనుముకు, విఫలమైంది మనుషులు అని దాని సారాంశం. ఇంజనీర్లు లైసెన్సు వచ్చాక కూడా చదువుతూ ఉండాలని, దాన్ని తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. ఒంటారియో సంఘం ఆ సిఫారసును ఎంతో గౌరవంగా అందుకుంది. చర్చించింది. కమిటీకి పంపింది. కమిటీ దగ్గరి నుంచి తెప్పించుకుని మళ్లీ చర్చించింది. 2023 జనవరి నుంచి అమలు చేసింది. చదువు మంచిదా కాదా అన్నది తొందరపడి తేల్చే విషయం కాదు.

ఇక సహకారాన్ని ఒక కళగా తీర్చిదిద్దింది క్యూబెక్ ప్రావిన్సులోని మాంట్రియల్ నగరం. అక్కడి ఇంజనీరింగు కంపెనీలు నగరపాలక సంస్థ కాంట్రాక్టుల కోసం టెండర్లు వేసేవి. ఒకరి మీద ఒకరు పోటీ పడి రేట్లు తగ్గించుకోవడం వృత్తి గౌరవానికి భంగమని వాటికి తోచింది. ఈసారి నువ్వు, వచ్చేసారి నేను అని ముందే పంచుకున్నాయి. మిగిలినవాళ్లు కొంచెం ఎక్కువ రేటు వేసి మర్యాదగా ఓడిపోయేవారు. రాజకీయ పక్షాలకు ముట్టేది ముట్టింది. 2011లో వేసిన షార్బొన్నో కమిషన్ ముందుకు ఇంజనీర్లు ఒక్కొక్కరే వచ్చి సాక్ష్యం చెబుతుంటే, క్యూబెక్ ప్రజలు సీరియల్ చూసినట్టు టీవీల ముందు కూర్చున్నారు. తిలా పాపం తలా పిడికెడు అన్నది మనం ఎవరినైనా తిట్టడానికి వాడతాం. అక్కడ అది పంపిణీ పద్ధతి.

తోటి ఇంజనీరు ప్రజలకు ముప్పు తెచ్చే పని చేస్తుంటే చెప్పడం ప్రతి ఇంజనీరు ధర్మమని నియమావళి ఘోషిస్తుంది. ఇక్కడే చిక్కు వస్తుంది. చెబితే సహకారం చెడుతుంది. చెప్పకపోతే నియమావళి చెడుతుంది. నియమావళికి ప్రాణం లేదు, రేపు విందులో ఎదురుపడి ముఖం తిప్పుకోదు. తోటి ఇంజనీరు తిప్పుకుంటాడు. కాబట్టి అనుభవజ్ఞులు దేన్ని కాపాడుకోవాలో తెలుసుకుని మసలుకున్నారు. 2016 జులైలో క్యూబెక్ ప్రభుత్వం ఇంజనీర్ల సంఘాన్ని తన అజమాయిషీలోకి తీసుకుంది. 2019 ఫిబ్రవరిలో గాని తాళాలు తిరిగి ఇవ్వలేదు. స్వీయ నియంత్రణలో 'స్వీయ' అన్న ముక్క రెండున్నరేళ్ల పాటు సెలవులో ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, మౌంట్ పాలీ ఒక ఎత్తు. బ్రిటిష్ కొలంబియా నడిబొడ్డున, కొండల మధ్య, రాగి, బంగారం తవ్వే గని అది. తవ్వి పిండి చేసిన రాయిలోంచి లోహం తీసుకున్నాక మిగిలే బురదను నిలవ చేయడానికి మట్టితో, రాళ్లతో పెద్ద కట్ట కట్టారు. బురద పెరిగేకొద్దీ ఏటా కట్టను ఎత్తు చేస్తూ పోయారు. అక్కడ ఏటా ఒక ఇంజనీరు ముద్ర పడేది, ఏటా ఒక నివేదిక వచ్చేది. మధ్యలో ఒక సలహా సంస్థ వెళ్లి ఇంకొకటి వచ్చింది, తర్వాత మరొకటి రావలసి ఉంది. అంటే ఒకరు నాటిన చెట్టు ఇంకొకరి పెరట్లోకి పాకింది, దాని వేళ్లు ఎవరూ చూడని చోటికి దిగాయి.

2014 ఆగస్టు 4, అర్ధరాత్రి దాటాక కట్ట తెగింది. సుమారు రెండున్నర కోట్ల ఘనపు మీటర్ల నీరు, బురద హేజల్టైన్ వాగును చీల్చుకుంటూ క్వెనెల్ సరస్సులోకి పోయాయి. ఆ వాగు మామూలుగా ఒక మనిషి దూకి దాటగలిగినంత ఉండేది. తెల్లారేసరికి అడవిని పెకలించుకుని వెడల్పాటి బురద రహదారి అయింది. ప్రాణనష్టం జరగలేదు. వేళ కాని వేళ తెగడం వల్ల ఆ ఒక్క మేలు జరిగింది. అందులో ఏ సంఘం నాయకత్వమూ లేదని ఒప్పుకోక తప్పదు.

ముగ్గురు నిపుణుల బృందం పరిశోధించి 2015 జనవరి 30న కారణం చెప్పింది. కట్ట పునాది కింద, కొన్ని మీటర్ల లోతున, వేల ఏళ్ల నాడు హిమానీ సరస్సు అడుగున పేరుకున్న బంకమట్టి పొర ఒకటి ఉంది. బరువు పెరిగేకొద్దీ మెత్తబడి జారిపోయే రకం. దాన్ని ఎవరూ గుర్తించలేదు. సరిపడా రంధ్రాలు వేసి చూడలేదు. దాని మీద, కట్ట బయటి వాలును ఎత్తు ఒకటికి వెడల్పు రెండు చొప్పున పెట్టవలసిన చోట ఒకటికి 1.3 చొప్పున నిటారుగా పెంచుకుంటూ పోయారు. వాలు తగ్గించాలంటే రాళ్లు కావాలి, రాళ్లు అప్పుడు చేతిలో లేవు, తర్వాత చూద్దామన్నారు. వాలు పద్ధతిగా ఉండి ఉంటే, బంకమట్టి ఉన్నా కట్ట నిలిచేదని బృందం తేల్చింది. ప్రభుత్వ అధికారులు వచ్చి ఎన్ని తనిఖీలు చేసినా ఆ పొర కనిపించేది కాదని కూడా తేల్చింది. ఈ రెండో మాటను పరిశ్రమ వర్గాలు గుండెలకు హత్తుకున్నాయి. మొదటి మాట మీద ఇంకా ఆలోచిస్తున్నట్టుంది.

భూమి కింద ఏముందో చెప్పవలసిన జియోసైంటిస్టులు, భూమి పైన ఏం కట్టాలో చెప్పవలసిన ఇంజనీర్లు ఒకే సంఘంలో 1990 నుంచి కలిసి ఉంటున్నారు. ఒకే కౌన్సిల్, ఒకే వార్షికోత్సవం, ఒకే విందు. ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేసిన వాళ్ల మధ్య ఆ బంకమట్టి ప్రసక్తి ఎందుకు రాలేదో ఊహించడం కష్టమేమీ కాదు. భోజనాల దగ్గర మట్టి గురించి ఎవరు మాట్లాడతారు? ప్రమాదం తర్వాత నాయకత్వం మేలుకుంది. ఆనకట్టల పునాదులను ఎలా పరీక్షించాలో చెప్పే మార్గదర్శకాన్ని సంఘం 2016లో ప్రచురించింది. అది మంచి పుస్తకం, వెక్కిరించడానికి ఏమీ దొరకలేదు. దురదృష్టవశాత్తు బంకమట్టి దాన్ని ముందుగా చదువుకోలేకపోయింది.

ఆ తర్వాత విచారణలు. సంఘం ముగ్గురు ఇంజనీర్ల మీద చర్య తీసుకుని వ్యవహారం ముగించేసరికి 2022 మార్చి అయింది. ఏడేళ్లు దాటింది. ఆ కట్టకు రికార్డు ప్రకారం బాధ్యత వహించిన ఇంజనీరుకు అలాంటి బాధ్యత మోయగల అనుభవం లేదని తేలింది. అనుభవం లేని మనిషి భుజాల మీద పల్లకీ పెట్టి, అనుభవం ఉన్నవాళ్లు పక్కన నడిచారన్నమాట. పల్లకీ మోసిన ఇంజనీరుకు రెండు నెలల సస్పెన్షన్ వచ్చింది. పక్కన నడిచిన ఇద్దరు సీనియర్లకు చెరో 25,000 డాలర్ల జరిమానా, దాని మీద విచారణ ఖర్చులు. 25,000 అన్నది అప్పటి చట్టంలో గరిష్ఠ మొత్తం. అంటే ఘనపు మీటరు బురదకు పైసల్లో పడింది. కిరాణా కొట్టులో కూడా ఆ రేటుకు ఏదీ రాదు.

బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2000ల మొదట్లో ఉద్యోగులను తగ్గించుకుని, నిపుణులు ఉన్నారు కదా వాళ్లే చూసుకుంటారని చాలా పనులు వదిలేసింది. ఆ నిపుణుడికి జీతం ఇచ్చేది మాత్రం అతను తనిఖీ చేయవలసిన కంపెనీయే. ఇందులో పరస్పర విరుద్ధ ప్రయోజనాలు ఉన్నాయేమోనని ఎవరికో అనుమానం వచ్చి, 2018 జూన్ నాటికి ఒక నివేదిక తయారైంది. 121 సిఫారసులు. అదే ఏడాది నవంబరులో కొత్త చట్టం చేశారు, 2021 ఫిబ్రవరి 5న అమల్లోకి తెచ్చారు. ఇప్పుడు స్వీయ నియంత్రణ చేసుకునే సంఘాలను నియంత్రించడానికి ఒక సూపరింటెండెంటు కార్యాలయం ఉంది. ఇంజనీర్లను సంఘం చూస్తుంది, సంఘాన్ని సూపరింటెండెంటు చూస్తారు. సూపరింటెండెంటును ఎవరు చూస్తారన్నది తర్వాతి ప్రమాదం దాకా వాయిదా వేయవచ్చు. సభ్యుల్లో కొందరు మాత్రం మా స్వాతంత్ర్యం పోయిందని బాధపడ్డారు. వందేళ్లు అనుభవించిన ఏ స్వాతంత్ర్యమైనా పోయేటప్పుడు బాధగానే ఉంటుంది, ముఖ్యంగా దానికి జమా ఖర్చులు అడుగుతున్నప్పుడు.

ఇంతసేపూ బయటివాళ్ల కష్టాలు చెప్పాను. మనవాళ్ల సంగతీ చూద్దాం. గుంటూరులోనో వరంగల్‌లోనో సివిల్ ఇంజనీరింగు చదివి, పదేళ్లు ప్రాజెక్టుల్లో పని చేసి టొరంటోలో దిగిన మనిషికి ఒంటారియో సంఘం ఒక చిన్న షరతు పెట్టేది. నాలుగేళ్ల అనుభవం ఉంటే చాలదు, అందులో ఏడాది కెనడాలో, అక్కడి లైసెన్సు ఉన్న ఇంజనీరు కింద చేసిందై ఉండాలి. ఉద్యోగం ఇచ్చేవాడు లైసెన్సు ఏదీ అంటాడు, లైసెన్సు ఇచ్చేవాళ్లు ఉద్యోగం ఏదీ అంటారు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. ఈ లోపల ఆ మనిషి గోదాములో పెట్టెలు మోసుకుంటూ, కాంక్రీటు బలం గురించి తనకు తెలిసినదంతా పెట్టెల మీద ప్రయోగిస్తూ గడిపేవాడు. 2013లోనే మానవ హక్కుల కమిషన్ ఇది వివక్ష అంది. సంఘం వినయంగా విన్నది. 2021లో ఒంటారియో ఇలాంటి షరతులు పెట్టరాదని చట్టం చేసింది. 2023 మేలో సంఘం ఆ షరతు తీసేసి, తాము మార్గదర్శకులమని ప్రకటించుకుంది. వెనకనుంచి చట్టం తోస్తున్నప్పుడు ముందు నడవడాన్ని నాయకత్వం అంటారని అప్పుడు తెలిసింది.

అల్బర్టాలో ఇంకో వినోదం జరిగింది. ఇంజనీరు అన్న బిరుదు లైసెన్సు ఉన్నవాళ్లకే సొంతమని అక్కడి సంఘం పట్టుబట్టి, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మీద కోర్టుకెక్కింది. హైదరాబాదులో ఈ సూత్రం అమలు చేస్తే పెళ్లి సంబంధాల మార్కెట్ ఆ సాయంత్రానికే మూతపడుతుంది. ఆ బిరుదు వాడుతున్నది ఒక కంపెనీలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వాళ్లు కడుతున్నవి వంతెనలూ కావు, కట్టలూ కావు. కారుతున్న డాబాల దగ్గర కనిపించని చురుకుదనం ఇక్కడ కనిపించింది. 2023 నవంబరులో కోర్టు సంఘం వాదన తోసిపుచ్చింది. ప్రభుత్వం కూడా చట్టాన్ని సవరించి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఆ బిరుదు వదిలేసింది.

చివరగా పేర్ల సంగతి. బ్రిటిష్ కొలంబియా సంఘం పూర్వనామం పలకాలంటే ఊపిరి సరిపోయేది కాదు. మౌంట్ పాలీ జరిగిన మూడేళ్లకు, 2017లో, పేరు కుదించుకుని ఇంజనీర్స్ అండ్ జియోసైంటిస్ట్స్ బీసీ అయింది. పేరు మార్చడం చవకైన నాయకత్వం, ఎవరి లైసెన్సూ పోదు. అదే ప్రావిన్సులో లాంగ్‌ఫర్డ్ అనే ఊళ్లో డాన్‌బ్రూక్ వన్ అని పదకొండంతస్తుల భవనం కట్టారు. నిర్మాణంలో తీవ్రమైన లోపాలున్నాయని 2019 డిసెంబరులో, క్రిస్మస్ ముందు, అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించారు. నక్షా మీద ముద్ర వేసిన ఇంజనీరుకు సంఘం జరిమానా వేసింది. ఎంతంటే, మీరు ఊహించినట్టే, 25,000 డాలర్లు. భవనానికి మరమ్మతులు చేశారు, రిడ్జ్‌వ్యూ ప్లేస్ అని కొత్త పేరు పెట్టారు, కొత్త జనాన్ని దించారు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ అందరినీ ఖాళీ చేయమన్నారు. ఇంకో పేరు వెతకడానికి ఎవరైనా కమిటీ వేస్తున్నట్టయితే నా పేరు పరిశీలించవలసిందిగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నాకు లైసెన్సు లేదు, ఉంగరం లేదు, ఆ విందుల్లో ఎప్పుడూ భోంచేయలేదు. దారి ఖర్చులు ఇస్తే చాలు.